కొత్త యుటిలిటీ సింకుకు కప్లింగ్ కుదరకపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

వంటింటి వెనక వాష్ ఏరియాలో కొత్త స్టీలు సింకు పెట్టించుకున్నాక చాలా ఇళ్లలో మొదలయ్యే తంటా ఒకటుంది. సింకు బాగానే ఉంటుంది, పైపూ బాగానే ఉంటుంది. ఆ రెంటినీ కలిపే కప్లింగ్ దగ్గర మాత్రం చుక్క ఆగదు. కింద ఒక బకెట్ పెట్టి రోజులు నెట్టుకొస్తారు. గట్టు కింద ప్లైవుడ్ తలుపులు ఉబ్బాక గానీ ప్లంబర్‌ని పిలవరు. ఆయన వచ్చి ఇంకో చుట్టు బిగించి, చుట్టూ ఎం-సీల్ పూసి వెళ్తాడు. కొన్నాళ్లకు మళ్లీ బకెట్. కొత్త సింకు కారుతుంటే బిగింపు కంటే ముందు కొలతను అనుమానించాలన్నది నా గట్టి నమ్మకం. కింది జవాబులన్నీ ఆ దారిలోనే ఉంటాయి.

కప్లింగ్ సెట్టులో ఏమేం ఉంటాయి?

సింకు రంధ్రంలో పైనుంచి దిగేది కప్లింగ్. దాని పై అంచు వెడల్పుగా పళ్లెంలా ఉండి సింకు అడుగున కూర్చుంటుంది. లోపల జాలీ ఉంటుంది, కొన్నిట్లో బయటికి తీసి శుభ్రం చేసుకునే బుట్ట ఉంటుంది. కిందికి దిగిన గొట్టం మీద మరలు ఉంటాయి. సింకు కిందనుంచి ఒక రబ్బరు వాషర్, దాని కింద పలచటి ప్లాస్టిక్ లేదా ఫైబర్ రింగు, ఆ కింద పెద్ద నట్టు. ఆ గొట్టం చివరికి వేస్ట్ పైపు నట్టు బిగుస్తుంది. పై అంచు కింద ఇంకో పలచటి రబ్బరు కూడా చాలా సెట్లలో ఇస్తారు. తొందరలో దాన్ని ప్యాకెట్‌లోనే వదిలేయడం మామూలుగా జరిగే పని. అందుకే పాత అట్టపెట్టె పారేసే ముందు ఒకసారి వెతకండి.

నీళ్లు సరిగ్గా ఎక్కడినుంచి కారుతున్నాయో ఎలా తెలుస్తుంది?

కింద చెయ్యి పెట్టి తడిమితే తెలియదు. నీటి చుక్క పుట్టేది ఒకచోట, వేలాడేది ఇంకోచోట. ముందు కింద భాగాలన్నీ పొడి గుడ్డతో శుభ్రంగా తుడవండి. నేల మీద పాత న్యూస్ పేపరు పరవండి, చిన్న చుక్క పడినా మచ్చ కనిపిస్తుంది. ఇప్పుడు కప్లింగ్‌లోని మూత వేసి సింకులో సగం దాకా నీళ్లు పట్టి పావుగంట వదిలేయండి.

మూత వేసి ఉండగానే కింద తడి కనిపిస్తే తప్పు కప్లింగ్ పై అంచుకూ సింకుకూ మధ్య ఉంది. ఆ పావుగంటలో పేపరు పొడిగా ఉండి, మూత తీశాక మాత్రమే తడిస్తే అది కింది పైపు నట్టు దగ్గరో, ట్రాపు (మురుగు వాసన పైకి రాకుండా కొంచెం నీళ్లు నిలిపి ఉంచే భాగం) దగ్గరో, పైపు నేలలోకి దిగే చోటో జరుగుతోంది. టిష్యూ కాగితాన్ని ఒక్కో అతుకు చుట్టూ చుట్టి చూస్తే ఏది ముందు తడుస్తుందో తెలిసిపోతుంది. మీ సెట్టులో మూత లేకపోతే మందపాటి పాలిథిన్ కవరులో తడిగుడ్డ చుట్టి కప్లింగ్ నోట్లో గట్టిగా కుక్కండి, పరీక్ష వరకు సరిపోతుంది. గుడ్డను పై అంచు మీదికి రానివ్వకండి. అంచు కప్పేస్తే అసలు అనుమానం ఉన్న చోటుకు నీళ్లే చేరవు.

ఈ ఒక్క పరీక్ష చేయకుండా ఏదీ విప్పవద్దు. పైన ఉన్న తప్పుకు కింద మందు వేయడం ఈ పరీక్ష చేయకపోవడం వల్లే జరుగుతుంది.

కప్లింగ్ సింకుతో పాటే వచ్చింది కదా, అయినా ఎందుకు కుదరదు?

కారణాలు చాలా ఉంటాయి. సింకు తయారుచేసేవారు ఒకరు, కప్లింగ్ తయారుచేసేవారు ఇంకొకరు కావడం మామూలే. సింకు రంధ్రం చుట్టూ కప్లింగ్ అంచు కూర్చోవడానికి గుండ్రంగా ఒక పల్లం నొక్కి ఉంటుంది. ఆ పల్లం వెడల్పు, లోతు కప్లింగ్ అంచుకు సరిపోవాలి. అంచు పెద్దదైతే పల్లం ఒడ్డు మీద ఎక్కి కూర్చుంటుంది, రబ్బరు కింద ఆనదు. అంచు చిన్నదైతే రబ్బరు రంధ్రం ఒడ్డును అరకొరగా పట్టుకుంటుంది. రెండో రకం మరీ ప్రమాదం, ఎందుకంటే మొదటి వారం కారదు. నట్టు బిగింపుకు రబ్బరు మెల్లగా లోపలికి జారాక మొదలవుతుంది.

కొలతతో సంబంధం లేని కారణాలు కూడా ఉన్నాయి. వాటిని ముందు చూడండి, ఖర్చు లేని పని. కొత్త స్టీలు సింకు మీద పలచటి ప్లాస్టిక్ పొర అతికించి ఉంటుంది. అమర్చే మనిషి పైపైన ఒలిచి, కప్లింగ్ అంచు కింద అలాగే వదిలేస్తాడు. ఆ పొర కిందనుంచి నీళ్లు దారి చేసుకుంటాయి. అలాగే సింకు వెనక వైపు శబ్దం తగ్గడానికి పూసే గరుకు పూత రంధ్రం దాకా వచ్చి ఉంటే కింది రబ్బరు ఎగుడుదిగుడు మీద కూర్చుంటుంది. వాషర్ ఆనేంత మేర ఆ పూతను మొద్దు చాకుతో గీకేయాలి. ఇక రంధ్రం కోసినప్పుడు ఒడ్డున స్టీలు గరుకు అంచు మిగిలిందేమో చూడండి. చాలా పదునుగా ఉంటుంది, కాబట్టి వేలు కాకుండా దూది తిప్పి చూడండి. దూది పోగులు చిక్కుకున్న చోట ఆకురాయితో మెల్లగా అరగదీసి, గరుకు కాగితంతో నున్నగా చేయాలి.

షాపుకు వెళ్లే ముందు ఏమేం కొలవాలి?

రంధ్రం అడ్డకొలత, రెండు దిక్కుల్లో. అది నిజంగా గుండ్రంగా ఉందో లేదో కూడా ఇక్కడే తేలుతుంది. తర్వాత పల్లం అడ్డకొలత, పల్లం లోతు, సింకు రేకు మందం, కప్లింగ్ గొట్టం మర బయటి కొలత, గొట్టం చివరినుంచి నేలలోని కన్నం దాకా దూరం.

మర కొలత దగ్గర చాలామంది తికమక పడతారు. షాపులో 32 ఎం.ఎం., 40 ఎం.ఎం. అని అడుగుతారు, అమ్ముతారు. ఇంట్లో స్కేలు పెట్టి కొలిస్తే ఆ అంకెలు ఎక్కడా రావు. 32 అనేది ఒకటింపావు అంగుళం రకం పేరు, దాని మర బయటి కొలత దాదాపు 42 మి.మీ. 40 అనేది ఒకటిన్నర అంగుళం రకం, బయటి కొలత దాదాపు 48 మి.మీ. స్కేలుతో కొలిచి 42 వచ్చింది కాబట్టి 40 రకం అయ్యుంటుందని కొనుక్కొచ్చిన పైపు నట్టు వదులుగా ఊగుతుంది. అసలు కావాల్సింది 32. వాష్ బేసిన్లకు మామూలుగా 32, వంటింటి సింకులకూ యుటిలిటీ సింకులకూ 40 వాడతారు.

కొలిచే సాధనం లేకపోతే మర చుట్టూ ఒక దారం చుట్టి, దాని పొడవును 3.14తో భాగించండి. దారం పొడవు 150 మి.మీ. వస్తే అది ఒకటిన్నర అంగుళం రకం. 132 వస్తే ఒకటింపావు.

వీటన్నిటి కంటే మేలైన పని ఇంకోటుంది. పాత కప్లింగ్ విప్పగలిగితే దాన్నే సంచిలో వేసుకుని షాపుకు తీసుకెళ్లండి. సింకు పల్లానికి తెల్ల కాగితం ఆనించి పెన్సిలుతో రుద్దితే అచ్చు పడుతుంది, అది కూడా పట్టుకెళ్లండి.

నట్టు చివరిదాకా తిప్పినా కప్లింగ్ ఇంకా కదులుతోంది. ఎందుకు?

మీకు వచ్చింది సగం మర కప్లింగ్ అయ్యుండొచ్చు. షాపుల్లో హాఫ్ థ్రెడ్, ఫుల్ థ్రెడ్ అని రెండు రకాలు దొరుకుతాయి. సగం మర రకంలో గొట్టం పై భాగం నున్నగా ఉంటుంది, మర కింది సగంలోనే మొదలవుతుంది. అది మందంగా ఉండే పింగాణీ బేసిన్ల కోసం. బేసిన్ మందమే ఆ నున్నటి భాగాన్ని మింగేస్తుంది కాబట్టి అక్కడ సమస్య ఉండదు. స్టీలు సింకు రేకు మందం 1 మి.మీ. అటూ ఇటూ. నట్టు పైకి వచ్చి మర అయిపోయిన చోట ఆగిపోతుంది, రబ్బరుకు ఇంకా ఖాళీ మిగిలే ఉంటుంది. చేతికి మాత్రం గట్టిగా బిగిసినట్టే అనిపిస్తుంది. అందుకే మోసపోతారు.

దీనికి సరైన మందు పూర్తి మర కప్లింగ్ కొనడం. అది దొరికేలోపు ఖాళీని పూడ్చడానికి ఇంకో మందపాటి వాషర్ వేసుకోవచ్చు. రబ్బరు మీద రబ్బరు పేర్చడం కంటే గట్టి ప్లాస్టిక్ రింగు వేసి దాని మీద ఒక్క రబ్బరు పెట్టడం మంచిది, రబ్బర్లు ఒకదాని మీద ఒకటి జారిపోతాయి.

కప్లింగ్ గొట్టానికి పక్కన పొడుగ్గా కన్నాలు ఉన్నాయి. అవి ఎందుకు?

వాష్ బేసిన్‌లో నీళ్లు నిండి పొర్లకుండా పైన ఒక చిన్న కన్నం ఉంటుంది కదా, అందులోంచి వచ్చే నీళ్లు బేసిన్ లోపలి దారిలో దిగి కప్లింగ్‌లోకి చేరడానికి ఆ పక్క కన్నాలు. అలాంటి దారి లేని స్టీలు సింకుకు ఈ కప్లింగ్ బిగిస్తే ఆ కన్నాలు సింకు రేకు కిందికి వచ్చేస్తాయి. నీళ్లు వదిలిన ప్రతిసారీ వాటిలోంచి బయటికి చిమ్ముతాయి. ఎంత బిగించినా, ఏం పూసినా లాభం లేదు. పక్క కన్నాలు లేని కప్లింగ్‌కి మార్చేయండి. వాటిని ఎం-సీల్‌తో మూసి వాడే వాళ్లను చూశాను. కొత్త కప్లింగ్ ఖర్చు, పాడైపోయే అలమారా ఖర్చు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ పని ఎవరూ చేయరు.

రబ్బరు వాషర్ పైన వేయాలా, కింద వేయాలా?

కప్లింగ్‌తో వచ్చిన కాగితంలో బొమ్మ ఉంటే అదే పాటించండి. లేనప్పుడు ఇలా ఆలోచించండి. నీళ్లు ముందుగా తాకేది పై అంచునే. అక్కడ అడ్డుకట్ట లేకపోతే నీళ్లు రంధ్రంలో దిగి మరల వెంట గుండ్రంగా తిరుగుతూ కిందికి వస్తాయి. కింది రబ్బరు ఎంత బిగిసినా మరల మధ్య సందు పూర్తిగా మూయలేదు. కాబట్టి పై అంచు కింద పలచటి రబ్బరు గానీ సన్నటి సిలికాన్ వరస గానీ తప్పకుండా ఉండాలి. మందపాటి రబ్బరు కింద, సింకు రేకును తాకుతూ ఉండాలి. దాని కింద ప్లాస్టిక్ రింగు, ఆ కింద నట్టు. ఆ రింగు తీసేస్తే నట్టు తిరిగేటప్పుడు రబ్బరునూ తనతో పాటు మెలిపెట్టేస్తుంది. రబ్బరు ఒకవైపు బయటికి పొడుచుకు వచ్చి కనిపిస్తే రింగు వేయలేదని అర్థం.

కింది పైపు నట్టులో వచ్చే రబ్బరు కొన్నిట్లో ఒకవైపు సన్నగా, ఒకవైపు మందంగా వాలుగా ఉంటుంది. సన్న వైపు అది బిగిసే నోటిలోకి వెళ్లాలి, మంద వైపు నట్టు వైపు ఉండాలి. తిరగేసి వేస్తే బిగుస్తుంది, కానీ కారుతుంది.

నట్టు రెండు చుట్లు సాఫీగా తిరిగి తర్వాత మొరాయిస్తోంది. బలంగా తిప్పనా?

వద్దు. వంకరగా ఎక్కి ఉండొచ్చు. మొదట వెనక్కి తిప్పుతూ 'టక్' అని ఒక మర దిగిన చప్పుడు వినిపించిన చోటనుంచి ముందుకు తిప్పండి, సరిగ్గా ఎక్కుతుంది. అప్పటికీ అదే చోట ఆగితే ఆ రెండు భాగాల మరలు వేర్వేరు రకాలు.

అమెరికాలో ఉంటున్నవాళ్లు ఇక్కడినుంచి సామాను పట్టుకెళ్లినా, అక్కడినుంచి వచ్చేటప్పుడు మంచి కప్లింగ్ అని తెచ్చుకున్నా ఇదే ఎదురవుతుంది. మన దగ్గర వాడే బ్రిటిష్ పైపు మరలో ఒకటిన్నర అంగుళం రకానికి అంగుళానికి 11 మరలు, మర కోణం 55 డిగ్రీలు. అమెరికా రకంలో అంగుళానికి పదకొండున్నర మరలు, కోణం 60 డిగ్రీలు. బయటి కొలతల్లో తేడా అర మిల్లీమీటరు కూడా ఉండదు. అందుకే మొదటి రెండు చుట్లు చక్కగా కుదిరినట్టే ఉంటాయి. బలం పెడితే ప్లాస్టిక్ నట్టు పగులుతుంది, ఇత్తడిదైతే మర చెడుతుంది. ఏ దేశపు సింకుకు ఆ దేశపు సామానే కొనండి. అమెరికాలో బట్టలు ఉతికే గదుల్లో పెట్టే ప్లాస్టిక్ తొట్టి సింకుల్లో కొన్నిటికి కప్లింగే ఉండదు, నీళ్లు పోయే నోరు తొట్టితో కలిపే పోతపోసి ఉంటుంది. అక్కడ వాలు రబ్బరు, పైపు నట్టు మాత్రమే మన చేతిలో ఉంటాయి.

టెఫ్లాన్ టేపు నాలుగు చుట్లు ఎక్కువ చుడితే ఆగదా?

ఇక్కడ ఆగదు. కుళాయి మరలాంటి చోట నీటిని ఆపే పని మరే చేస్తుంది, అక్కడ టేపు దానికి సాయం. కప్లింగ్‌లో నీటిని ఆపేది రబ్బరు. మర పని ఆ రబ్బరును నొక్కి పట్టుకోవడం వరకే. పైగా టేపు మందం వల్ల నట్టు పూర్తిగా పైకి ఎక్కక, రబ్బరు సరిగ్గా నొక్కుకోదు. గొట్టం మరకు పాత పద్ధతిలో దారం, సఫేదా చుట్టే ప్లంబర్లు ఉన్నారు. ఇనప పైపులకు అది మంచి పనే, ప్లాస్టిక్ నట్ల మీద మాత్రం చేయనివ్వకండి. లోపలినుంచి ఒత్తిడి పెరిగి నట్టు చీలుతుంది.

సిలికానా, ఎం-సీలా, తెల్ల సిమెంటా?

పై అంచు కింద పూయడానికి ఈ మూడింట్లో సిలికాన్ ఒక్కటే సరైనది. అది ఎండాక కూడా సాగుతుంది. సింకులో వేడినీళ్లు పోసినప్పుడు రేకు సాగుతుంది, బరువైన గిన్నె పెడితే కొద్దిగా కుంగుతుంది. తెల్ల సిమెంటు, ఎం-సీల్ రాయిలా గట్టిపడేవి, కాబట్టి ఆ కదలికకు వెంట్రుకంత పగులు వస్తుంది. పైగా ఎం-సీల్ పట్టాక కప్లింగ్ విప్పాలంటే కోయాల్సిందే.

సిలికాన్ పూసే చోటు పొడిగా, జిడ్డు లేకుండా ఉండాలి. నిన్నటిదాకా కారుతున్న సింకుకు ఈ రోజు పూయకూడదు. విప్పి, తుడిచి, ఒక పూట ఆరనివ్వండి. అంచు కింద సన్నటి వరస ఒకటి చాలు. నట్టు బిగించాక పైకి పొంగినదాన్ని తడి వేలితో తుడిచేయండి. పావుగంటలో పైపొర గట్టిపడినట్టు కనిపిస్తుంది కానీ లోపల పచ్చిగానే ఉంటుంది. 24 గంటలు నీళ్లు తగలనివ్వకండి. ఈ ఒక్క రోజు కోసం ముందే చెప్పి పెట్టకపోతే ఇంట్లో ఎవరో ఒకరు గిన్నెలు తెచ్చి సింకులో వేస్తారు, పని మొత్తం మళ్లీ చేయాలి. వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ పాలరాయి గట్టుకు మచ్చ తెస్తుంది. సింకు పక్కన పాలరాయి ఉంటే న్యూట్రల్ రకం అడిగి కొనండి.

రబ్బరు మంచిది, అంచు సరిగ్గా కూర్చుంది అంటే సిలికాన్ అవసరమే ఉండదు.

ఎంత బిగించాలి?

చేత్తో బిగిసినంత, ఆ తర్వాత పానాతో పావు చుట్టు. తిప్పేటప్పుడు కప్లింగ్ కూడా తిరిగిపోతే పై రబ్బరు నలుగుతుంది, సిలికాన్ వరస తెగుతుంది. పైనుంచి ఇంకొకరు జాలీ అడ్డపట్టీల మధ్య కటింగ్ ప్లేయర్ పిడులు పెట్టి కదలకుండా పట్టుకోవాలి. ఇద్దరు చేస్తే మంచి పని ఇది. పింగాణీ సింకులకూ, క్వార్ట్జ్ సింకులకూ పానా దూరంగానే ఉంచండి. అవి స్టీలులా వంగవు, పగులుతాయి.

మాది మధ్యలో ఒకే పొడుగు స్క్రూతో బిగించే రకం. దానికీ ఇవే పాటించాలా?

కొలతల విషయంలో అవే. బిగింపులో తేడా ఉంది. ఇందులో పైన స్టీలు గిన్నె, కింద ప్లాస్టిక్ గిన్నె ఉండి, మధ్య స్క్రూ రెంటినీ దగ్గరికి లాగుతుంది. లాగుడంతా మధ్యలోనే పడుతుంది కాబట్టి అతిగా బిగిస్తే గిన్నె మధ్యకు కుంగి అంచులు పైకి లేస్తాయి. బిగించేకొద్దీ ఎక్కువ కారుతుంటే కారణం ఇదే. స్క్రూ వదులు చేసి, అంచు చుట్టూ సమంగా ఆనిందో లేదో టార్చి వేసి చూసి, మళ్లీ కొద్దికొద్దిగా బిగించండి. ఆ స్క్రూ తుప్పు పట్టే రకమైతే ఇప్పుడే స్టెయిన్‌లెస్ స్టీలుది మార్చండి. తుప్పు పట్టాక విప్పడం చాలా కష్టం.

సింకు రంధ్రం చిన్నదిగా ఉంది. పెద్దది చేయించవచ్చా?

రెండు మూడు మిల్లీమీటర్ల తేడా ఉంటే ఆకురాయితో చేయవచ్చు. అంతకంటే ఎక్కువైతే నేను వద్దనే అంటాను. కోత గుండ్రంగా రావడం కష్టం, పల్లం చదునుగా ఉండే భాగం తరిగిపోతుంది, షాపువాడు ఇక వెనక్కి తీసుకోడు. రంధ్రానికి తగ్గ కప్లింగ్ వెతకడమే సులభం. సింకు కప్లింగులు మూడు, నాలుగు, ఐదు అంగుళాల పేర్లతో దొరుకుతాయి. ఆ పేరు కొందరు అంచు కొలతకు పెడతారు, కొందరు గిన్నె కొలతకు పెడతారు. అందుకే పేరు చెప్పి కొనకుండా టేపు పెట్టి కొనాలి.

కారడం లేదు, కానీ కప్లింగ్ చుట్టూ ఎప్పుడూ నీళ్లు నిలుస్తున్నాయి.

కప్లింగ్ అంచు పల్లంలో పూర్తిగా దిగక సింకు అడుగు కంటే ఎత్తుగా నిలిచింది. పలచటి రబ్బరు వేసినా, రబ్బరు తీసి సిలికాన్ మాత్రమే వేసినా ఆ ఎత్తు తగ్గుతుంది. లేదా సింకే వాలు తప్పి కూర్చుంది. గట్టు మీద మట్టం పెట్టి చూడండి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఆ నిలిచిన నీళ్లు ఆరి తెల్లటి పొరలు కడతాయి, కాబట్టి దీన్ని వదిలేయకుండా సరిచేసుకోవడం మంచిది.

కింద ముడతల పైపు వంకరగా వేలాడుతోంది, నీళ్లు మెల్లగా పోతున్నాయి.

ముడతల పైపును సాగదీసి ఎటైనా వంచవచ్చు కాబట్టి అందరికీ ఇష్టం. అందులోనే చిక్కు ఉంది. పొడవు ఎక్కువై మధ్యలో కడుపులా వేలాడితే అక్కడ మెతుకులు, జిడ్డు చేరతాయి. ముడతలే మురికిని పట్టుకుంటాయి. కొత్త సింకుకు నేను నున్నటి గట్టి పైపే వేయించమంటాను. నేల వెంట అడ్డంగా పోయే చోట మీటరుకు 2 నుంచి 2.5 సెంటీమీటర్ల వాలు ఉండాలి. వాలు చాలకపోతే నీళ్లు నిలుస్తాయి. ముడతల పైపే తప్పనిసరైతే తిన్నగా దిగేంత పొడవే ఉంచి మిగిలింది కోసేయండి.

వాష్ ఏరియాలో వాసన, బొద్దింకలు. ఇదీ కప్లింగ్ వల్లేనా?

సాధారణంగా కాదు, పైపు నేలలోకి దిగే చోటు వల్ల. కన్నం పెద్దది, పైపు సన్నది, మధ్య ఖాళీ అలాగే వదిలేస్తారు. ఆ ఖాళీకి రబ్బరు కాలరు వేయాలి, లేదా పైపు పట్టేంత కన్నం ఉన్న జాలీ మూత పెట్టాలి. దాన్ని సిమెంటుతో పూడ్చకండి, రేపు పైపు మార్చాలన్నా ట్రాపు శుభ్రం చేయాలన్నా పగలగొట్టాలి.

వాసనను అసలు ఆపేది ట్రాపులో ఎప్పుడూ నిలిచి ఉండే నీళ్లు. ఆ నీటి లోతు కనీసం 50 మి.మీ. ఉండాలి. యుటిలిటీ సింకు నీళ్లు నేలలోని నహానీ ట్రాపులోకే (నేల జాలీ కింద ఉండే ట్రాపు) వెళ్తుంటే సింకు కింద ఇంకో బాటిల్ ట్రాపు అక్కర్లేదు. రెండు ట్రాపులు వరసగా ఉంటే మధ్య గాలి చిక్కుకుని గడగడమంటుంది, నీళ్లు మెల్లగా దిగుతాయి. పైపు నేరుగా గోడలోని మురుగు పైపులోకి వెళ్తుంటే మాత్రం సింకు కింద ట్రాపు ఉండి తీరాలి. ఊరెళ్లి చాలా రోజుల తర్వాత వస్తే ఆ నీళ్లు ఆవిరై వాసన వస్తుంది, రెండు చెంబులు పోస్తే పోతుంది.

వాషింగ్ మెషీన్ పైపును ఈ సింకులో వదలవచ్చా?

వదలవచ్చు. పైపు చివర సింకు అడుగును తాకకుండా, అంచుకు కొక్కెంతో కట్టి ఉంచండి. మెషీన్ ఒక్కసారిగా పంపే నీళ్లకు 32 పైపు చాలదు, 40 ఉండాలి. బట్టల పీచు జాలీ మీద పేరుకుంటుంది, ఉతికిన ప్రతిసారీ తీసేయండి.

గంజి వార్చి సింకులోనే పోస్తాం. ఏమైనా అవుతుందా?

అవుతుంది. మామూలు పి.వి.సి. పైపు 60 డిగ్రీల వేడి వరకే. పొయ్యి మీదినుంచి దించిన గంజి అంతకు చాలా ఎక్కువ. ఒక్కసారికి ఏమీ కాదు కానీ రోజూ పోస్తే పైపు మెత్తబడి వంగుతుంది, నట్టు కింద రబ్బరు గట్టిపడి పట్టు వదులుతుంది. ఎప్పుడూ కారని సింకు ఏడాది తర్వాత కారడానికి ఇదొక కారణం. గంజిని చల్లారనిచ్చి పోయండి, లేదా పోసేటప్పుడు కుళాయి తిప్పి ఉంచండి. చల్లారిన గంజి పైపులో అట్టకట్టకుండా వెనకే నాలుగు మగ్గుల నీళ్లు పోయాలి.

కప్లింగ్ నల్లబడుతోంది. యాసిడ్ వేసి కడగవచ్చా?

దయచేసి వద్దు. బాత్రూములకు వాడే యాసిడ్ స్టెయిన్‌లెస్ స్టీలును కూడా తినేస్తుంది, చిన్న చిన్న గుంటలు పడతాయి. పాలిష్ పోయిన ఇత్తడి కప్లింగ్ పచ్చబడుతుంది. బ్లీచింగ్ పౌడరు నిలవ ఉంచినా స్టీలుకు చేటే. ఆ రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది, తలుపులు మూసిన చిన్న వాష్ ఏరియాలో అది ప్రాణం మీదికి తెస్తుంది. గిన్నెలు తోమే సబ్బు, మెత్తటి పీచు చాలు. తెల్లటి పొరలకు నిమ్మచెక్క రుద్ది, కాసేపాగి బాగా కడిగేయండి.

షాపువాడు మార్చనంటే? బిల్డరు పెట్టించిన సింకైతే?

బిల్లు, పెట్టె దాచుకోండి. ఏదైనా అరగదీసే ముందు, కోసే ముందు కుదరని చోట ఫొటోలు తీయండి. లోపం ఉన్న వస్తువు మార్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

కొత్త ఫ్లాటులో బిల్డరే అమర్చిన సింకైతే మీ స్థితి ఇంకా బలంగా ఉంటుంది. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి) చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఫ్లాటు అప్పగించిన తేదీనుంచి ఐదేళ్లలోపు పనితనంలో, నాణ్యతలో లోపం ఉందని తెలియజేస్తే బిల్డరు అదనపు డబ్బు తీసుకోకుండా 30 రోజుల్లో సరిచేయాలి. నోటిమాటగా కాకుండా ఫొటోలు జోడించి ఈమెయిల్ పెట్టండి. చిన్న విషయమని ఊరుకోవద్దు. అదే ప్లంబర్ అదే రకం కప్లింగ్‌ను ఆ బిల్డింగ్‌లోని ఇళ్లన్నిటికీ బిగించి ఉంటాడు, కాబట్టి పక్క ఫ్లాట్ల వాళ్లనూ అడిగి అందరూ కలిసి రాస్తే పని త్వరగా అవుతుంది.

ఎప్పుడు ప్లంబర్‌ని పిలవాలి?

సింకు గట్టులోంచి కదులుతున్నా, గోడలోపలి పైపు కారుతున్నా, కప్లింగ్ ఎం-సీల్‌తో పట్టేసినా పిలవండి. పిలిచినప్పుడు "సింకు కారుతోంది" అని మాత్రమే చెప్పకుండా, మూత వేసినప్పుడు కారుతోందా తీసినప్పుడా, మర 32దా 40దా, కప్లింగ్ సగం మరా పూర్తి మరా చెప్పండి. ఆయన సరైన సామానుతో వస్తాడు, రెండోసారి తిరగక్కర్లేదు. పని అయ్యాక డబ్బు ఇచ్చే ముందే, ఆయన అక్కడ ఉండగానే మూత వేసి నీళ్లు నింపే పరీక్ష మళ్లీ చేయించండి. సిలికాన్ పూసి ఉంటే ఆ పరీక్ష మర్నాటికి పెట్టుకుని, కొంత డబ్బు అప్పుడే ఇస్తామని పని మొదలుకాక ముందే మాట్లాడుకోండి.